బూడిద ఎత్తే పని

శుక్రవారం పొద్దున ఆరింటికే మా ఇంట్లో రొట్టెకు పిండి కలపడం మొదలవుతుంది. మా ఇల్లంటే నాది కాదు, సఫ్తాది. సఫ్తా అంటే హీబ్రూలో అమ్మమ్మ. ఆర్మూరు పక్క ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఇజ్రాయెల్‌లో, పెతా తిక్వా ఊళ్లో, ఆమెను చూసుకోబట్టి ఆరేళ్లయింది. ఆమెకు 88. పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి పనిచేయదు, కుడి చెయ్యి వణుకుతుంది. అందుకే పిసికేది నేను.

రెండు కిలోల మైదా. ఇద్దరికి అంతెందుకని మొదట్లో అడిగాను. పిండి సుమారు 1,670 గ్రాములు దాటితేనే ఆమె దీవెన చదివి అందులోంచి చిన్న ముద్ద తీసి పక్కన పెడుతుంది. జెరూసలేంలో యూదుల గుడి ఉన్న కాలంలో ఆ ముద్ద యాజకుడికి, అంటే అక్కడి పూజారికి, పోయేది. క్రీ.శ. 70లో రోమన్లు ఆ గుడిని కూల్చారు. ఇప్పుడు దాన్ని రేకులో చుట్టి ఒవెన్‌లో కాల్చేస్తారు, ఎవరూ తినరు. ముద్ద తీయడం, ఒవెన్ ముట్టించడం మాత్రం ఆమె చేత్తోనే జరగాలి. పూర్తిగా నేనే వండితే తినకూడదని వాళ్ల నియమం. అది విన్నప్పుడు చివుక్కుమంది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగరో చూస్తూ పెరిగినదాన్ని కదా. ఆ ముల్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, దాచడమెందుకు.

సఫ్తా బడిలో బైబిల్ చెప్పిన టీచర్. పాఠం చెప్పకుండా ఉండలేదు. గుడిలో అర్పణను కొర్బాన్ అనేవాళ్లట, ఆ మాటలో 'దగ్గర' అనే అర్థం ఉందట. నాకు వెంటనే మా ఊరి బక్రీద్ గుర్తొచ్చింది. ఖుర్బానీ, దగ్గర అనే ఖరీబ్, అన్నీ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలే. గుడిలో పేదవాళ్ల అర్పణ పిండేనట. పక్కింట్లో నాలాగే చూసుకునే పని చేసే అమ్మాయి దగ్గర తెలుగు బైబిల్ ఉంటే లేవీయకాండం తీసి చూశాను. పిండి, నూనె, సాంబ్రాణి. దానికి వాడిన మాట నైవేద్యం! పొయ్యిలో కాల్చింది, పెనం మీద కాల్చింది, గిన్నెలో వండింది అని రకాలు కూడా. వంటింటి పుస్తకం చదువుతున్నట్టే అనిపించింది.

కానీ నాకు బాగా పట్టింది బూడిద కథ. ఒకరోజు తెల్లవారుజామున సఫ్తా పక్క పాడైంది. నేను దుప్పట్లు మారుస్తుంటే గోడవైపు తిరిగి ఏడ్చింది. స్నానం చేయించి టీ ఇచ్చాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "గుడిలో పొద్దున్నే మొదటి పని ఏంటో తెలుసా?" దీపమో మంత్రమో అనుకున్నాను. బలిపీఠం మీద రాత్రి బూడిద ఎత్తడమట! దాని కోసం యాజకులు 32 మూరల వాలు మీద పైకి పరుగు పందెం పెట్టుకునేవాళ్లు. ఒకసారి ఒకడు ఇంకొకణ్ని తోస్తే కాలు విరిగింది. అప్పటినుంచి పరుగు మాన్పించి, అందరూ వేళ్లు చాపితే లెక్కపెట్టి వంతు తేల్చేవాళ్లు. పిల్లలు పంటలేసుకున్నట్టన్నమాట. ఆ బూడిద ఊరి బయటకు మోసేటప్పుడు మంచి బట్టలు విప్పి వేరేవి కట్టుకోవాలట.

మా నాయినమ్మ ఇంట్లో కూడా పొద్దున మొదటి పని అదే. పొయ్యిలో బూడిద ఎత్తి, వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గేశాకే మంట. ఆ బూడిదతోనే గిన్నెలు తోమేది, మిగిలింది ఆనపకాయ పాదుకు. పరుగు పందెం మాత్రం లేదు. అక్కడ వేళ్లు లెక్కపెట్టింది ఎవరికి దక్కాలని. మా అమ్మా చిన్నమ్మా వంతులు పెట్టుకుంది ఎట్లా తప్పించుకోవాలని. సఫ్తాకు ఇది చెప్తే ఊపిరాడనంత నవ్వింది. ఆ రోజు దుప్పట్ల సంగతి మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం వాళ్ల విశ్రాంతి దినం దీపాలకు ముందు నేనూ నైటీ మార్చి చుడీదార్ వేసుకుంటాను. ఆమె రొట్టె తుంచి ఉప్పులో అద్ది ఇస్తుంది. గుడిలో ఏ అర్పణా ఉప్పు లేకుండా ఉండేది కాదు, ఇప్పుడు బల్లే బలిపీఠం అంటుంది. తిన్నాక దీవెనకు ముందు కత్తి తీసేస్తాను, బలిపీఠం రాళ్లకు ఇనుము తగలకూడదు కాబట్టి.

ఆదివారం ఒవెన్ తుడిచేటప్పుడు రేకులో బొగ్గయిన ముద్ద చేతికొస్తుంది. చక్రాల కుర్చీలోంచి సఫ్తా వణికే వేలు చాపుతుంది. నేనూ ఒక వేలు చాపుతాను. ఆమె లెక్కపెడుతుంది. ప్రతివారం వంతు నాకే వస్తుంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమెకు బాగా తెలుసు, ముసల్ది.