కదురు, కోరా బట్ట, విడిపోయిన ఒత్తులు

మా చర్చి సంఘం స్త్రీల కూటానికి ఈసారి వేదిక, బ్యానర్లు, లోగో అన్నీ నామీద పడ్డాయి. పడ్డాయి అనడం అబద్ధం, నేనే అడిగి తీసుకున్నాను. ఏటా అవే గులాబీలు, అదే పావురం ఉన్న ఫ్లెక్సీ చూసి విసుగెత్తింది. రోజూ సాయంత్రం ఒక గంట, ఆదివారం ఆరాధన తర్వాత కొంతసేపు దీనికి కేటాయించాను.

అంశం బైబిల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతి. 19వ వచనంలో ఆమె కదురు పట్టుకుని నూలు వడుకుతుంది. శ్రీకాకుళంలో ఉంటూ కదురు బొమ్మ కోసం ఇంటర్నెట్‌లో వెతకడం ఎందుకని ఒక శనివారం, ఖద్దరుకు పేరున్న పొందూరు వెళ్లాను. అక్కడ ఒక పెద్దమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. దాని పళ్లు గుండుసూది మొనల కంటే సన్నం. చిక్కుపడ్డ పత్తి వాటి మీదుగా వచ్చేసరికి పోగులన్నీ ఒకే వైపు తిరిగి మెరుస్తున్నాయి. ఫొటో అడిగితే, "చేతులు తీసుకో అమ్మా, ముఖం వద్దు" అంది. లోగో అక్కడే తేలిపోయింది: ఒక చేయి, ఒక కదురు, ఒక పోగు.

"కదురు"లో మూడు అక్షరాలకూ తలకట్టు ఉంది. చేతిలోంచి వచ్చిన పోగునే ఆ మూడు తలకట్లుగా సాగదీశాను. ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే. కింది వరుసకు గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న గిడుగు ఫాంటు వాడాను. ఆయన పుట్టింది మన జిల్లాలోనే కదా!

గేటు బ్యానర్ దగ్గర దెబ్బ తిన్నాను. దుకాణంలోని పాత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే "స్త్రీల" అన్న మాట "స్‌త్‌రీల" అయింది. నమూనా ప్రింటు అడిగాను కాబట్టి సరిపోయింది, లేకపోతే పది అడుగుల తప్పు గేటుకు వేలాడేది. ఇంటికొచ్చి అక్షరాలన్నీ గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చాను. ఇక ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒత్తులు కదలవు.

వేదిక వెనుక ఫ్లెక్సీ లేదు, కోరా బట్ట. 44 అంగుళాల పన్నా (వెడల్పు), ఒక్కొక్కటి 9 అడుగుల చొప్పున నాలుగు ముక్కలకు 11 మీటర్లు పట్టింది. పైనా కిందా కర్ర దూర్చడానికి మడత కుట్టించాను. అక్షరాలు మొదట 4 అంగుళాల ఎత్తు కోశాను. చివరి బెంచీలో మా అత్తయ్యను కూర్చోబెడితే పై వరుస చదివారు, కింది వరుసలో ఒత్తులు అలుక్కుపోయాయన్నారు. 6 అంగుళాలకు పెంచి, వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదిలాను. గుడింతాలూ ఒత్తులూ ఉన్న లిపికి ఆ ఖాళీ తప్పదు.

ట్యూబులైటు కింద కోరా బట్ట బూడిద రంగులో కనిపిస్తోంది. రెండు పక్కలా పసుపు బల్బులు పెట్టాక ప్రాణం వచ్చింది. వేలాడదీసిన నూలు పోగులు మాత్రం ఫ్యాను గాలికి చిక్కుపడుతున్నాయి. చివర్లకు చిన్న ఇనుప నట్లు కట్టి చూస్తున్నాను.

పేరు కార్డులు ఇంకా మిగిలాయి: పేరు పెద్దగా, ఊరు చిన్నగా. పొందూరు పెద్దమ్మను కూడా పిలిచాను. వస్తానంది, రాట్నంతో సహా. అది ఆటోలో పడుతుందో లేదో ఈ శనివారం కొలిచి రావాలి.