ఫైనల్ ప్రాజెక్ట్: పంచుకోవడం కన్నా ముందు కలపడం

నలుగురు విద్యార్థులు ఫైనల్ ప్రాజెక్ట్ కోసం ఒక టీమ్‌గా ఏర్పడగానే పనులు పంచేసుకుంటారు: ఒకరికి స్క్రీన్లు, ఒకరికి డేటాబేస్, ఒకరికి లెక్కల భాగం, మిగిలినవారికి రిపోర్ట్. ఇలాంటి టీమ్‌లకు గైడ్‌గా ఉంటున్న నాకు ఈ పంపకం మీద పెద్దగా నమ్మకం లేదు. ఎవరి భాగం వారి దగ్గర చక్కగానే నడుస్తుంది గానీ, సమర్పణకు వారం ముందు అన్నింటినీ ఒకచోట చేర్చేసరికి ఏదీ నడవదు.

లైబ్రరీ పుస్తకాల ప్రాజెక్టునే తీసుకోండి. స్క్రీన్ తయారుచేసిన విద్యార్థి తేదీలో రోజును ముందు పెట్టి పంపుతాడు. దాన్ని అందుకునే కోడ్ రాసిన అమ్మాయి నెల ముందు వస్తుందనుకుంటుంది. ఏప్రిల్ 5 కాస్తా మే 4గా నమోదైనా ప్రోగ్రామ్ కిక్కురుమనదు. 13వ తేదీ వచ్చాక గానీ, పదమూడో నెల లేదు కాబట్టి, లోపం బయటపడదు. ఎవరి కోడ్ వారి మటుకు సరైనదే. లేనిదల్లా ఇద్దరి మధ్య ఒప్పందం.

అందువల్ల మొదటి వారంలోనే, ఎంత మొరటుగా ఉన్నా సరే, ఒక పుస్తకం పేరు టైప్ చేస్తే అది డేటాబేస్‌లో చేరి తిరిగి తెరమీద కనిపించేంత వరకు నలుగురూ కలిసి కూర్చుని చేయాలంటాను. ఆ తర్వాత ఏ భాగం దేన్ని అందుకుంటుందో, దేన్ని ఇస్తుందో, ఖాళీ వదిలితే ఏమవుతుందో ఒక పేజీలో రాసుకుని, అప్పుడు పనులు పంచుకోవచ్చు. నలుగురి మధ్య మాట్లాడుకోవలసిన జతలు 6 మాత్రమే, ఆరుగురైతే 15 అవుతాయి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో చెప్పడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

అందరి కోడ్ మార్పులనూ నమోదుచేసి ఒకచోట కలిపే గిట్ అనే సాధనం వాడుతున్నాం కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఒకే వరుసను ఇద్దరు వేర్వేరుగా మార్చితే గిట్ ఆగి అడుగుతుంది. వేర్వేరు ఫైళ్లలో తేదీని రెండు రకాలుగా అర్థం చేసుకుంటే దానికి పట్టదు. కాబట్టి కోడ్ కలిపిన ప్రతిసారీ మొత్తాన్ని నడిపి చూడవలసిందే.

రిపోర్ట్‌ను ఒక్కరికే అప్పగించడం ఆ ఒక్కరికి అన్యాయం, ఎందుకంటే వైవాలో కోడ్ గురించి అడిగితే వారికి చెప్పడానికేమీ ఉండదు. ఎవరి భాగం వారు రాస్తే, ఒకరు భాష సరిచూస్తే చాలు.

చివరి వారాన్ని పరీక్షించడానికీ, డెమో సాధనకూ మాత్రమే కేటాయిస్తాం. ఆ వారంలోనే ఎవరో ఒకరు ఇంకో చిన్న ఫీచర్ చేర్చుతామని అడుగుతారు. అది ఎంత బాగున్నా నేను ఒప్పుకోను.