చిల్లు పైసతో సున్న

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి సందులో ఒక పాత ప్రింటింగ్ ప్రెస్ మూసేస్తున్నారని పిన్ని చెప్పగానే స్కూటీ తీశాను. పాత సామాను అన్న మాట చెవిన పడితే నేను ఆగలేను. ఇంట్లో ఇప్పటికే రెండు మరచెంబులు, మోగని రేడియో ఒకటి, పిడి లేని కుట్టుమిషన్ ఒకటి ఉన్నాయి. అమ్మ లెక్కలో అవి దుమ్ము దులపడానికి తెచ్చిన సామాన్లు.

నేను వెళ్లేసరికే కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ పాత ఇనుప సామాన్ల దుకాణానికి పోయింది. మిగిలినవి పోస్టర్లకు వాడే చెక్క అక్షరాలు, సీసం అంకెల కేసు. "ఇవేం జేసుకుంటవ్ బిడ్డా? సీసమైతే కిలోల లెక్కన పోతది. కట్టెవి పొయ్యిల పెట్టుడే" అన్నాడు ప్రెస్ తాత. పొయ్యి అన్నాక ఇంక బేరమాడబుద్ధి కాలేదు.

షబ్నవీసు వేంకట రామనరసింహారావు 1922లో ఈ ఊరి నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు కదా, ఇవి ఆ కాలం నాటివేమో అని ఆశగా అడిగాను. తాత నవ్వాడు. "అంత పాతవి గావు. మా నాయన కొన్నడు. మేం అచ్చేసింది పెండ్లి పత్రికలు, జాతర పాంప్లెట్లు."

ఇంటికి తెచ్చి కిరోసిన్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రెండు రోజులు కడిగాను. అప్పుడు తాత చెప్పింది అక్షరాల మీదే కనిపించింది. 'శ' అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. శుభలేఖల పుణ్యం. బండి 'ఱ' మాత్రం నిన్న చెక్కినట్టు పదునుగా ఉంది, పాపం దాన్నెవరూ పిలిచినట్టు లేదు. సున్నలు మూడే మిగిలాయి, అందులో రెండు పగిలాయి. లాప్‌టాప్‌లో వందల ఫాంట్లు పెట్టుకున్న నాకు ఒక్క సున్న కోసం ఇల్లంతా వెతకడం కొత్త.

మిషన్ లేదు కాబట్టి రబ్బరు రోలర్‌తో ఇంకు పూసి, మీద కాగితం పరిచి, గరిటె వెనక వైపుతో రుద్దాను. మొదటి మాట 'అంగడి'. ఎడమ నుంచి కుడికి ముద్దుగా పేర్చాను. కాగితం ఎత్తితే 'డిగంఅ'! అచ్చు అద్దంలా తిప్పుతుందని తెలుసు, చెక్కిన అక్షరాలు తిరగేసి ఉండటం చూస్తూనే ఉన్నాను, అయినా చెయ్యి తన అలవాటే పోనిచ్చుకుంది.

రెండో మాటకు మిగిలిన ఒక్క సున్నా చీలింది. అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ సందూకలోని చిల్లు పైస. 1943 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియా వేసిన ఒక పైస నాణెం, నడుమ పెద్ద చిల్లు. నిజాం రాజ్యంలో ఆయన సొంత నాణెం హాలీ సిక్కా చెల్లే రోజుల్లో ఈ కల్దారు పైస, అంటే బ్రిటిష్ వాళ్ల పైస, మా ఇంటికెలా వచ్చిందో! చూడటానికి మాత్రం అచ్చం సున్నే. అచ్చు అక్షరం ఎత్తు దాదాపు 23 మిల్లీమీటర్లు ఉంటుంది, పైసేమో పల్చన. చెక్కముక్క మీద అంటించి, కింద విజిటింగ్ కార్డులు ఒక్కొక్కటే దోపుతూ మిగతా అక్షరాలతో సమానం చేశాను. సున్న బాగానే పడింది, కానీ దాని మీది సంవత్సరం తిరగబడి అచ్చయింది. నాణెం మీద రాత మనం చదవడానికి చెక్కింది కదా, అచ్చులో అదే తలతిక్కగా వస్తుంది. ఆ తప్పు నాకెంత నచ్చిందంటే, పగిలిన సున్నలను అతికించే ఆలోచనే మానుకున్నాను.

అది చూసి మా పిన్ని కూతురు తన పెండ్లి పత్రికలు అలాగే కావాలంది. అరవై. 'ఆహ్వానం'లో చిల్లు పైస, కింద తేదీ, ఫోన్ నంబరు సీసం అంకెల్లో. తీరా చూస్తే బావ నంబరులో తొమ్మిదులు నాలుగు, నా కేసులో ఉన్నవి రెండు. టెన్షన్‌తో తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన కేసు తీసుకుని, కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా వేళ్లతో తడిమి, రెండు ఆర్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"తలకిందులు పెట్టు" అన్నాడు.