కూడి యిరుందు కుళిర్ందు: పండుగ సెలవుల్లో ఒకే పంక్తి

డిసెంబరు 16వ తేదీ ప్రాంతంలో ధనుర్మాసం ఆరంభమైన నాటి నుండి తిరుమలలో సుప్రభాతానికి మారుగా, గోదాదేవి (ఆండాళ్) తమిళంలో పాడిన ముప్పై పాశురాల (పాటల) తిరుప్పావై పఠనంతో స్వామిని మేల్కొలుపుతారు. మన ఇళ్లకు సెలవుల సందడి వచ్చేది కూడా ఈ రోజులలోనే. హాస్టళ్లలో చదువుకొంటున్న పిల్లలు, దూర ప్రాంతాలలో ఉద్యోగాలు చేస్తున్న కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు సంక్రాంతి నాటికి ఇల్లు చేరుకొంటారు. ఇల్లు నిండుతుంది. అయితే ఒకరు టీవీ ముందు, ఒకరు ఫోనుతో మంచం మీద, ఒకరు పొయ్యి దగ్గర ఉండిపోగా ఆ నాలుగు రోజులూ కరిగిపోవడం, పిల్లలను బస్సు ఎక్కించి వచ్చిన తరువాత “నాలుగు మాటలైనా తీరికగా మాట్లాడుకోలేదే” అని పెద్దవారు నిట్టూర్చడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఈ వెలితి తీరే దారి తిరుప్పావైలోని ఇరవై ఏడవ పాశురంలో ఉన్నదని నా నమ్మకం.

“కూడారై వెల్లుం శీర్ గోవిందా” అని మొదలయ్యే ఈ పాశురాన్ని సాధారణంగా జనవరి 11వ తేదీన పఠిస్తారు. ఆ రోజుకే “కూడారై” అన్న పేరు స్థిరపడింది. తనతో కూడనివారిని సైతం తన గుణాలతో గెలుచుకొనే గోవిందుని పిలిచి, కృష్ణుని కోసం ఈ నెల వ్రతం పట్టిన గోపికలు తమ వ్రతఫలం ఎట్లా ఉండాలో చెబుతారు. చేతులకు కంకణాలు, భుజాలకు దండకడియాలు, చెవులకు కమ్మలు, కర్ణపుష్పాలు, కాళ్లకు అందెలు పెట్టుకొంటాము, మంచి చీరలు కట్టుకొంటాము, ఆ తరువాత పాలతో వండిన అన్నం పూర్తిగా మునిగేటట్లు నెయ్యి పోసి, ఆ నెయ్యి మోచేతి దాకా కారుతూ ఉండగా నీతో కలిసి కూర్చుని చల్లబడతాము అంటారు. “కూడి యిరుందు కుళిర్ందు” అన్నవి ఆ చివరి మాటలు: కూడి, కూర్చుని, చల్లబడి.

ఈ పాశురాన్ని నెమ్మదిగా చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. పాలు ఉన్నాయి, అన్నం ఉన్నది, నెయ్యి ఉన్నది, మోచేయి కూడా ఉన్నది, కాని “తింటాము” అన్న క్రియ మాత్రం ఎక్కడా లేదు. పెద్దలు దీనికి చెప్పే భావం ఎంతో మధురమైనది. ముద్ద చేతిలోకి తీసుకొన్న గోపికలు ఎదురుగా ఉన్న కృష్ణుని చూస్తూ దానిని నోటికి అందించుకోవడమే మరిచిపోయారు, అందువల్లనే నెయ్యి వేళ్ల సందుల నుండి జారి, మణికట్టు దాటి, మోచేతి వరకు పాకింది. అరిటాకు ముందు కూర్చున్న పసివాడు అమ్మమ్మ చెప్పే కథలో మునిగి, చేతిలోని చక్రపొంగలి ముద్దను అట్లాగే పట్టుకొని నోరు తెరిచి వింటూ ఉండగా కరిగిన నెయ్యి ముంజేతి మీద సన్నని గీతగా మెరవడం మీరూ చూసే ఉంటారు. ఈ పాశురాన్ని వివరించడానికి నాకు అంతకంటె మంచి దృశ్యం దొరకలేదు.

కనుక సెలవులలో ఇంటిల్లిపాదీ రోజుకు ఒక్క పూటయినా ఒకే పంక్తిలో కూర్చోవాలని నా విన్నపం. వంటకాలు ఎన్ని అన్నది ముఖ్యం కాదు, పప్పన్నమైనా చాలు. ఫోనులన్నీ వేరే గదిలో ఉండాలి. అన్నింటికంటె ముఖ్యంగా, వండినవారు కూడా అదే పంక్తిలో కూర్చోవాలి. ఈ మాట నేను కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఇంటికి వచ్చిన పదిమందీ తృప్తిగా తిని లేచిన తరువాత, మిగిలిన కూరతో వంటింటి గడప పక్కన ఒంటరిగా తినే తల్లి ఉన్న ఇంటిలో “కూడి యిరుందు” నెరవేరలేదనే నేను అనుకొంటాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకొని ఎవరికి కావలసినది వారు వడ్డించుకొంటే, లేదా ఆ రోజుకు పిల్లలు వడ్డన బాధ్యత తీసుకొంటే, ఆమెకు కూడా ఒక ఆకు వేయవచ్చు.

ఇరవై ఏడవ రోజు నెయ్యికి అంత రుచి ఎందుకు వచ్చిందో తెలియాలంటే రెండవ పాశురానికి వెళ్లాలి. అక్కడ గోపికలు నెయ్యి తినము, పాలు తాగము, కాటుక పెట్టుకోము, పూలు ముడుచుకోము అని నియమం పెట్టుకొన్నారు. ఒక్కరు కాదు, అందరూ కలిసి మానారు, అందరూ కలిసి తిరిగి పొందారు. ఇంటివారందరూ ఇష్టపడి ఏదో ఒకటి కలిసి మానుకొని, కూడారై నాడు ఆ నియమాన్ని కలిసి ముగిస్తే పిల్లలకు వ్రతం అంటే ఏమిటో వేరుగా బోధించనక్కరలేదు. ఆ పాశురంలోనే “తీక్కుఱళై చెన్ఱోదోం” అని మరొక నియమం ఉన్నది, అంటే చాడీలు చెప్పము అని అర్థం. బంధువులు గుమిగూడే రోజులకు ఇంతకంటె అవసరమైన నియమం ఏముంటుంది? రానివారి గురించి వచ్చినవారు చెప్పుకొనే మాటలతోనే ఎన్నో పండుగలు చేదుగా మారాయి.

ఆరవ పాశురం నుండి పదిహేనవ పాశురం వరకు, తననూ ఒక గోపికగానే భావించుకొన్న గోదాదేవి పది ఇళ్ల ముందు నిలబడి నిద్రిస్తున్న చెలులను లేపుతుంది. తలుపు తీయలేదని ఎవరినీ వదిలి వెళ్లదు. చివరి ఇంటి ముందు, పదిహేనవ పాశురంలో, లోపలి పిల్లకూ బయటివారికీ మాటల పోటీ జరుగుతుంది. నీ మాటల నేర్పు మాకు ఎప్పుడో తెలుసు అని బయటివారు దెప్పుతారు. నేర్పరులు మీరే అని మొదట అన్న ఆ పిల్ల, వెంటనే “నానేదానాయిడుగ” అంటుంది. పోనీ, నేనే అనుకోండి, తప్పు నాదే కానివ్వండి అని. వైష్ణవుని నడవడికి పెద్దలు ఈ మాటను గీటురాయిగా చెబుతారు. అన్నదమ్ముల మధ్య, అత్తాకోడళ్ల మధ్య ఏళ్లుగా పేరుకొన్న మౌనం ఈ ఒక్క మాటతో కరగడం అసాధ్యమేమీ కాదు. అనడమే కష్టం. ఆ కష్టాన్ని వయసులో పెద్దవారు ముందుగా తలకెత్తుకొంటే ఇంకా బాగుంటుంది.

పఠనానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. పాశురానికి ఎనిమిది పాదాలే కనుక నాలుగు పాదాలు మనుమరాలు, నాలుగు పాదాలు తాతగారు చదవవచ్చు. ఉచ్చారణ తడబడినా దిగులు పడవద్దు. ఇరవై ఎనిమిదవ పాశురంలో గోపికలే, తెలియని పిల్లలము, ప్రేమతో నిన్ను చిన్న పేర్లతో పిలిచాము, కోపగించకు అని వేడుకొన్నారు. నీకూ మాకూ ఉన్న బంధం తెంచినా తెగేది కాదని కూడా అక్కడే అన్నారు.

కూడారై నాడు నెయ్యి ఓడుతూ నివేదించే అక్కారవడిశల్ (పాలు, బెల్లంతో వండే తీపి పొంగలి) వెనుక ఒక కుటుంబ కథ ఉన్నది. మదురై దగ్గరి తిరుమాలిరుంజోలై స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల అక్కారవడిశల్ సమర్పిస్తానని గోదాదేవి మొక్కుకొన్నది. ఆ మొక్కును ఎంతో కాలం తరువాత వైష్ణవ ఆచార్యులైన భగవద్రామానుజులు తీర్చి, ఆమె ఊరైన శ్రీవిల్లిపుత్తూరు వెళ్లగా, గుడిలో కొలువైన ఆమె ఆయనను “అన్నా” అని పిలిచిందని సంప్రదాయం చెబుతుంది. ఇద్దరిదీ ఒక కాలం కాదు, ఒక ఇల్లు కాదు. చెల్లెలి మాట నిలబెట్టినందుకు ఆయన అన్న అయ్యారు.

ప్రతి ఇంటిలోనూ ఇటువంటి బాకీ మొక్కు ఒకటి ఉంటుంది. అమ్మ ఎప్పుడో అనుకొన్న గుడి, పిల్లల పరీక్షలతోనో ప్రయాణపు ఖర్చుతోనో ఏటికేడు వాయిదా పడుతూ ఉంటుంది. ఈ సెలవులలో అందరూ ఇంటికి చేరిన రోజు, భోజనాల పంక్తిలో ఆమెను కూడా కూర్చోబెట్టి, అది ఏ గుడి అని అడగండి.