పాత రైలుపెట్టెకు ఒక తలుపు: నా అనుభవం

ఇంగ్లండు దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో, షెఫీల్డ్ పార్క్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా పదకొండు మైళ్ల పొడవున బ్లూబెల్ రైల్వే నడుస్తుంది. ఆ దారి మధ్యలో ఉన్న హార్‌స్టెడ్ కీన్స్ స్టేషనులో పాత రైలుపెట్టెలను బాగుచేసే కార్ఖానా ఉంది. 2022 జనవరి నుంచి 2023 మార్చి వరకు, పండుగలూ జ్వరాలూ పోగా మిగిలిన శనివారాలన్నీ నేను ఆ కార్ఖానాలో ఒకే ఒక్క తలుపు మీద పనిచేశాను. ఒక తలుపుకు ఇన్ని రోజులా అని మా ఇంట్లోవాళ్లే అడిగారు. అడగవలసిన ప్రశ్నే గనుక, ఆ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ ఆగిందో వివరంగా రాస్తున్నాను.

నేను గాట్విక్ విమానాశ్రయం పక్కనున్న క్రాలీ పట్టణంలో ఉంటాను, వృత్తి సాఫ్ట్‌వేర్. మా నాన్నగారు సికింద్రాబాదులో, నిజాం రైల్వే కాలాన 1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాపులో వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవురోజుల్లో ఆయన పక్కన కూర్చుని చిత్రిక పట్టడం కొద్దిగా నేర్చుకున్నాను. ఆయన వాడిన చిత్రిక ఒకటి, ఉలులు రెండు నాతోపాటు ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లు అటక మీదే ఉన్నాయి. పిల్లలను తీసుకుని తొలిసారి బ్లూబెల్ రైలెక్కినప్పుడు మాకు దొరికింది 1898–1900 మధ్య మాంచెస్టరులోని ఆష్‌బరీ కంపెనీ లండన్ మెట్రోపాలిటన్ రైల్వే కోసం కట్టిన టేకు పెట్టె. లండన్ భూగర్భ రైలుకు 150 ఏళ్లు నిండిన సందర్భంగా 2013 జనవరిలో ఆవిరి ఇంజను వెనుక సొరంగాలలో తిరిగిన పెట్టెలు ఇవేనని తోటి ప్రయాణికుడు చెప్పాడు. నా చూపు మాత్రం కిటికీ కింద రెండు చెక్కలు కలిసిన చోటే ఆగిపోయింది. వెంట్రుక కూడా దూరనంత బిగువుగా ఉన్న ఆ అతుకు చూసి నాన్న గుర్తొచ్చారు. ఇంటికి వెళ్లగానే సభ్యుడిగా చేరి స్వచ్ఛంద సేవకు దరఖాస్తు పెట్టాను.

ఈ రైల్వే పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. 1882లో మొదలైన ఈ మార్గాన్ని నష్టాల కారణంగా 1958లో పూర్తిగా మూసేశారు. మరుసటి ఏడాదే కొందరు అభిమానులు సంఘంగా ఏర్పడి, 1960 ఆగస్టు 7న తమ సొంత రైలును నడిపించారు. ఇంజన్లు, పట్టాలు సరే, వాటికి తగిన పాత పెట్టెలు ఎక్కడివి? దానికి జవాబు ఇళ్లలో దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కొరత తీవ్రమైన రోజుల్లో, కాలం చెల్లిన రైలుపెట్టెలను చక్రాలు తీసేసి జనానికి అమ్మేశారు. కొన్నవాళ్లు వాటిని సముద్రతీరంలోనో పొలంలోనో నేలమీద నిలిపి, పైన రేకులు వేసి, చుట్టూ గదులు కట్టుకుని కాపురాలు చేశారు. ససెక్స్ తీరాన సెల్సీ, పాఘమ్ ఊళ్లలో అలాంటి ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాననుంచి, ఎండనుంచి ఆ రేకుల కప్పే కాపాడింది గనుక, రైల్వేవారు పారేసుకున్న చెక్కపని ఎవరి వంటగది గోడల వెనుకో భద్రంగా మిగిలింది. మేము బాగుచేస్తున్నదీ అలా ఒక ఇంటి నడుమ నుంచి బయటపడినదే.

మనం రైలులో ప్రతి పెట్టెనూ బోగీ అనేస్తాం. నిజానికి బోగీ అంటే పెట్టె అడుగున విడిగా తిరిగే చక్రాల బండి. మా పెట్టెకు అది లేదు, నేరుగా నాలుగు చక్రాల మీదే కూర్చుంటుంది. అందుకే పెట్టె అనే రాస్తున్నాను. 1870 నుంచి 1889లో మరణించేదాకా లండన్ బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేకు లోకోమోటివ్ సూపరింటెండెంటుగా ఉన్న విలియం స్ట్రౌడ్లీ నమూనా అది, మూడో తరగతి. లోపల ఒక గదినుంచి మరో గదికి దారి ఉండదు. ఐదు గదులకు రెండు వైపులా కలిపి పది తలుపులు. వాటిలో ఒకటి నాకు అప్పగించారు.

అప్పగించే ముందు ఒక పూటంతా భద్రతా పాఠాలు చెప్పారు. పట్టాల పక్కన ఎలా నడవాలి, వేళ్ల దగ్గర ఇనుప తొడుగు ఉన్న బూట్లు ఎందుకు వేసుకోవాలి అన్నవి త్వరగానే అయిపోయాయి. పాత రంగు గురించి మాత్రం ఒక గంట పట్టింది. ఆనాటి రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి తడిపి గీకాలి, మాస్కు వేసుకోవాలి, టీ తాగేముందు చేతులు మోచేతులదాకా కడుక్కోవాలి, ఆ బట్టలతో ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. ఈ పని చేయాలనుకునేవారు మొదట పట్టించుకోవలసింది ఇదే.

మొదటి రెండు నెలలు విప్పడమే. ప్రతి స్క్రూకు, ప్రతి అంచుపట్టీకి ఒక చీటీ. విప్పేముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో. స్క్రూ తల మీది గాడిలో ఏళ్ల తరబడి రంగు పేరుకుని ఉంటుంది. దాన్ని సూదిమొనతో పూర్తిగా తీయకుండా స్క్రూడ్రైవరు పెడితే గాడి అరిగి, స్క్రూ ఇక జన్మలో రాదు. అలా మూడు పాడుచేశాక, నాకు పని నేర్పుతున్న పెద్దాయన, పూర్వం పడవలు కట్టినవాడు, టాంకా వేసే కాల్చిన కడ్డీని (సోల్డరింగ్ ఐరన్) స్క్రూ తల మీద నిమిషంపాటు ఆనించి చూపించాడు. వేడికి లోహం వ్యాకోచించి చుట్టూ ఉన్న చెక్క పట్టు వదులుతుంది. చల్లారాక స్క్రూ సులువుగా తిరుగుతుంది. ఓక్ కర్రలోని ఆమ్లం ఇనుమును తినేస్తుందనీ, చుట్టూ చెక్క నల్లబడితే లోపల ఇనుప స్క్రూ ఉన్నట్టనీ కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

లోపలి పలక తీశాక అసలు రోగం కనబడింది. ఈ తలుపు కిటికీ అద్దం చెక్క చట్రంలో ఉండి, తోలుపట్టీ వదిలితే తలుపు పొట్టలోకి దిగిపోతుంది. పట్టీకి వరసగా కన్నాలుంటాయి. ఎంత ఎత్తున నిలపాలో ఆ కన్నాన్ని ఇత్తడి మొలకు తగిలిస్తే చాలు. తెలివైన ఏర్పాటే కానీ, అద్దం దిగే సందులోంచి వాననీళ్లూ దిగుతాయి. ఆ నీరు పోవడానికి అడుగు కమ్మీలో కన్నాలు పెట్టారు. ఏళ్ల దుమ్ముతో అవి పూడుకుపోయి, నీరు నిలిచి, అడుగు కమ్మీ వేలితో పొడిస్తే రాలిపోయేంతగా కుళ్లింది. నిలువు కమ్మీలు రెండూ కింద జానెడు మేర మెత్తబడ్డాయి.

కుళ్లింది చూసి, కొత్త తలుపు చేసేద్దామన్నాను. కొలతలు ఉన్నాయి, యంత్రాలు ఉన్నాయి, మూడు శనివారాల పని. పెద్దాయన ఒప్పుకోలేదు. మూడు వంతులు బాగున్న తలుపును ఒక వంతు కోసం పారేస్తే, పది తలుపులకూ అదే చేస్తే, చివరికి మిగిలేది పాత పెట్టె నమూనా తప్ప పాత పెట్టె కాదని ఆయన వాదన. ఆ రోజు నాకది మొండితనంగానే తోచింది. పైగా పలకలకు కావలసిన అమెరికా మహాగని వ్యాపారంపై 2003 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. వెడల్పాటి పలకలు దొరకడం కష్టం. మావాళ్లు కూల్చేసిన పాత దుకాణాల కౌంటర్లనుంచి, బడి ప్రయోగశాలల బల్లలనుంచి కర్ర సేకరించి దాచుకుంటారు. ఉన్న పలకను కాపాడుకోవలసిందేనన్న మాట అక్కడ నాకు అర్థమైంది గానీ, కుళ్లిన చట్రం విషయంలో నా మనసు మారలేదు. ఆయన చెప్పినట్టు చేశానంతే.

ఆయన చెప్పినట్టు చేయడమంటే, కుళ్లిన భాగాన్ని ఏటవాలుగా కోసి, అదే వాలుతో కోసిన కొత్త ఓక్ ముక్కను దానికి అతకడం. వాలు పొడవు కర్ర మందానికి ఎనిమిది రెట్లు ఉంటేనే అతుకు బలంగా నిలుస్తుందన్నాడు. తిన్నని కర్ర అయితే అది పెద్ద కష్టం కాదు. పెట్టె గోడ కింది భాగం మాత్రం లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది, తలుపూ అదే ఒంపులో సాగాలి. నిలువు కమ్మీ కింది కొస వంకరగా ఉంటుంది; ఆ వంకర మీద వాలుకోత, ఆ కోతకు సరిపడే రెండో కోత. మొదటి ముక్క వృథా అయింది. రెండోది కూడా వృథా అయింది. మూడో ముక్కకు యంత్రం మాని, నాన్నగారి చిత్రిక తెచ్చుకుని, రెండు చెక్కల మధ్య నీలిసుద్ద రాసి అంటుకున్నచోటల్లా కాస్త కాస్తగా గీస్తూ పోయాను. నాలుగు శనివారాలకు రెండు చెక్కలూ పూర్తిగా తగిలాయి. పెద్దాయన ఆ అతుకు మీద బొటనవేలు నడిపించి చూసి, ఏమీ అనకుండా జిగురు డబ్బా అందించాడు.

ఆగస్టు చివర తలుపును పెట్టెకు బిగించి చూశాము. దీనికి మడతబందులు మూడు. పెట్టె గోడ లోపలికి ఒంగుతుంది కాబట్టి అడుగునున్న బందు మిగతా రెండింటికంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది; అప్పుడే మూడింటి ఇరుసులూ ఒకే నిలువు గీత మీదికి వస్తాయి. దారానికి గుండు కట్టి వేలాడదీసి మూడూ కుదిర్చాను. అయినా తాళం వైపు పైమూల ద్వారబంధానికి రాసుకుంటోంది, కింద మాత్రం వేలు దూరేంత సందు. నా అతుకే వంకరపోయిందనుకుని, మళ్లీ విప్పి కొలిచాను. కొలతలు సరిగ్గానే ఉన్నాయి. రెండు శనివారాలు ఇలాగే గడిచాయి. రాసుకుంటున్న మూలను చిత్రిక పట్టేద్దామన్న ఆలోచన వచ్చింది, పట్టేసేవాణ్నే.

ఆ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి వరసగా అంతా చెప్పాను. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. బందుల సంగతి, గుండుదారం సంగతి ఊఁకొడుతూ విని, “అది ఆ గుమ్మానిదేనంట్రా?” అని అడిగారు. ఇంటినుంచి తెచ్చినప్పుడు కట్టిన చీటీలో రెండో గుమ్మమని ఉందన్నాను. “చీటీ ఇప్పటిది కదా. చేసినవాడు గుర్తు పెట్టకుండా ఉండడు. ఏ తలుపుకు ఆ గుమ్మమే పాళం. తాళం పక్క పైన చూడు, ఉలి గాట్లుంటాయి” అన్నారు.

మరుసటి శనివారం ఆ అంచు మీద మిగిలిన రంగును తడిపి నెమ్మదిగా తీశాను. పైనుంచి బెత్తెడు కింద, ఉలితో కొట్టిన నాలుగు పొట్టి గీతలు పక్కపక్కన కనబడ్డాయి. పెట్టెకు అటువైపు వెళ్లి నాలుగో గుమ్మం నిలువు కమ్మీ మీద రంగు తీస్తే అక్కడా అవే నాలుగు. ఆ ఇంట్లో కాపురమున్నవాళ్లు ఎప్పుడో తలుపులు అటూ ఇటూ మార్చుకుని ఉంటారు. నేను మొదట్లో అడిగినట్టు కొత్త తలుపు చేసి ఉంటే ఆ గీతలు చెత్తబుట్టలో ఉండేవి, తలుపు రెండో గుమ్మానికి తగ్గట్టు కోసుకుని ఉండేవాణ్ని, రెండో గుమ్మపు అసలు తలుపు వచ్చేసరికి దానికి చోటు ఉండేది కాదు. పెద్దాయనకు ఆ మాట చెప్పాను. ఆయన వెంటనే మిగతా తొమ్మిది తలుపుల చీటీలూ పక్కన పెట్టించి, అన్నిటి మీదా గుర్తులు వెతికించాడు. మరో రెండు తారుమారై ఉన్నాయి.

వార్నిష్ నవంబరులో మొదలుపెట్టడం నా పొరపాటు. తేమ, చలి కలిసిన రోజున పూసిన మూడో పూత ఆరేసరికి పైన పాలపొరలాగా తెల్లని మబ్బు కమ్మింది. దాన్నంతా నీటితో, సన్నని గరుకు కాగితంతో తీసేసి మళ్లీ పూయవలసి వచ్చింది. ఆ తర్వాత ముందురోజే తలుపును వేడిగదిలోకి చేర్చి, దుమ్ము లేవకుండా నేలమీద నీళ్లు చల్లి, వారానికి ఒక పూత చొప్పున ఎనిమిది పూతలు పూర్తిచేశాను. పూతకూ పూతకూ మధ్య రుద్దడం తప్ప ఇందులో చెప్పడానికేమీ లేదు. తొందరపడకపోతే అదే కుదురుతుంది.

2023 మార్చిలో తలుపును నాలుగో గుమ్మానికి బిగించాము. చుట్టూ నాలుగు వైపులా ఒక నాణెం మందం సందు, అన్నిచోట్లా ఒకేలా. కార్ఖానా బాధ్యుడు వచ్చి తాళం ఇరవైసార్లు వేసి తీశాడు, బందులు ఊపి చూశాడు, అడుగు కమ్మీ కన్నాల్లోంచి నీళ్లు పోతున్నాయో లేదోనని చెంబుడు నీళ్లు కిటికీ సందులో పోయించాడు. నీళ్లన్నీ కిందికి కారి కంకర మీద పడ్డాయి. కొత్త తోలుపట్టీ ఇంకా గట్టిగా ఉంది, మొలకు తగిలించడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. మూడో కన్నానికి తగిలించి, అద్దం సగం ఎత్తున నిలిపి, ఫొటో తీసి నాన్నగారికి పంపాను. అద్దం కాదు, తాళం పక్క అంచు ఫొటో కావాలని జవాబు వచ్చింది.