నెలల తరబడి ఆగిన బైక్ స్టార్ట్ కాకపోతే

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బైక్ చాన్నాళ్లు కదలకుండా ఉంటే, కిక్ కొట్టకముందే ఇంజిన్ ఆయిల్ చూడండి. విజయవాడలో ఇది మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే; మార్చేదాకా కిక్ వద్దు.

బ్యాటరీ నిండుగా ఉంటే మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తగ్గితే సెల్ఫ్ టకటకమంటుందే తప్ప తిరగదు.

స్పార్క్ ప్లగ్ విప్పి, దాని క్యాప్‌కి తగిలించి, పెట్రోల్‌కి దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొట్టండి. నీలి స్పార్క్ వచ్చి, ప్లగ్ పొడిగా ఉందంటే పెట్రోల్ అందడం లేదు. చాలాసార్లు అసలు దోషి పైలట్ జెట్, అంటే కార్బురేటర్‌లో తక్కువ స్పీడులో పెట్రోల్ అందించే చిన్న భాగం. ఆవిరైన పెట్రోల్ వదిలిన జిగురు దాని సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. తీగతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టించండి. ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీసేయండి.