పాడ్ పోయినా లాగ్ మిగలాలని

ఒక రాత్రి మా పేమెంట్ సర్వీస్ నడిచే పాడ్ (ప్రోగ్రామ్ ఉండే కంటైనర్ల గుంపు) పడిపోయింది. ఈ పాడ్‌లను నడిపే కుబెర్నెటిస్ వెంటనే వేరే నోడ్ (మెషీన్) మీద కొత్త పాడ్ లేపింది కానీ, పాతదాంతో పాటే దాని లాగ్, అంటే నడుస్తూ అది రాసుకున్న రికార్డు, కూడా పోయింది. ఎందుకు పడిందో చెప్పడానికి మా దగ్గర ఒక్క లైను లేదు. మర్నాడు బెంగళూరు బెళ్లందూరు ఆఫీసులో మా సీనియర్, కర్నూలు అన్న, "లాగ్‌లన్నీ ఒకచోటికి తెచ్చే పని నువ్వు చూడు తమ్ముడూ" అన్నాడు.

లాగ్‌లు పోగుచేసి పంపడానికి ఫ్లుయెంట్ బిట్, దాచి వెతకడానికి ఎలాస్టిక్‌సెర్చ్, తెర మీద చూడడానికి కిబానా తీసుకున్నాను. మొదట ఎలాస్టిక్‌సెర్చ్ లేవనే లేదు. నోడ్ కెర్నెల్‌లో మ్యాక్స్ మ్యాప్ కౌంట్ (ఒక ప్రోగ్రామ్‌కి ఎన్ని మెమరీ మ్యాపులు ఉండొచ్చనే పరిమితి) 65530 ఉంది, దానికి కనీసం 262144 కావాలి. ఇది కంటైనర్ సెట్టింగ్ కాదు, నోడ్‌ది. అసలు కంటైనర్ కంటే ముందు నడిచే ఇనిట్ కంటైనర్‌తో మార్చాక లేచింది.

ఫ్లుయెంట్ బిట్‌ని డీమన్‌సెట్‌గా, నోడ్‌కి ఒకటి చొప్పున పెట్టాను. కిబానాలో లాగ్‌లు కనిపించాయి కానీ దేన్ని వెతికినా దొరకదు. ప్రతి లైను ముందూ టైము, ఎస్‌టీడీఅవుట్, ఎఫ్ అని ఏదో అతుక్కుని ఉంది. రెండు రోజులు అక్షరాల నమూనాలు పట్టే రెజెక్స్‌లతో కుస్తీ పట్టాను. చివరికి నోడ్‌లోకి వెళ్లి ఫైలు తెరిచి చూస్తే అర్థమైంది. నేను వాడింది డాకర్ రాసే లాగ్‌లను విడదీసే జేసన్ పార్సర్, మా క్లస్టర్‌లో కంటైనర్లను నడుపుతున్నది వేరే రూపంలో లాగ్ రాసే కంటైనర్‌డీ. కుబెర్నెటిస్ 1.24 నుంచి డాకర్‌షిమ్ (కుబెర్నెటిస్‌ని డాకర్‌తో కలిపే భాగం) తీసేశారు, పాత కాన్ఫిగ్‌లు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ 'ఎఫ్' అంటే లైను పూర్తయిందని. 'పీ' ఉంటే మిగతా ముక్క తర్వాతి లైనులో ఉందని. ఈ రూపానికి సరిపోయే సీఆర్‌ఐ పార్సర్ పెట్టగానే ముక్కలు కలిశాయి. జావా స్టాక్ ట్రేస్ (తప్పు ఎక్కడ జరిగిందో చూపే వరుస లైన్లు) ఇరవై ఎంట్రీలుగా విడిపోకుండా మల్టీలైన్ ఫిల్టర్ కూడా పెట్టాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక్కసారి నోడ్ మీద అసలు ఫైలు చూడండి, దయచేసి.

పదో రోజున కొత్త లాగ్‌లు రావడం ఆగిపోయింది. డిస్క్ 95 శాతం దాటితే ఎలాస్టిక్‌సెర్చ్ ఆ డిస్క్ మీద లాగ్‌లు దాచే ఇండెక్స్‌లలో రాయనివ్వదు. చాలా టెన్షన్ పడ్డాను. పాతవి తీసేసి, ఏడు రోజులు దాటినవి వాటంతటవే పోయేలా పాలసీ పెట్టాను.

ఆ తర్వాతి వారం తెల్లవారుజామున అదే పాడ్ మళ్లీ పడింది. పాత పాడ్ పేరు కొట్టి వెతికితే స్టాక్ ట్రేస్ మొత్తం వచ్చింది: డేటాబేస్ కనెక్షన్ పూల్ (సర్వీస్ వాడుకోగల కనెక్షన్ల కోటా) నిండిపోయింది. అన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. "ఆ రోజు మనకి దొరకనిది ఇదేరా" అన్నాడు.